గొట్టంలో వెలుగు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, మా మనవరాలు షారోను ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "అమ్మమ్మా, గీ రెండిట్ల ఏది మంచిగుందో చెప్పు" అంది. పెళ్ళికి చీర ఎంచిపెట్టమన్నంత ముద్దుగా అడిగింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. రెండూ తుపాకులే. ఒకటి భుజానికి ఆనించే కర్ర మడమతో పాతకాలపు మనిషిలా మర్యాదగా ఉంది. రెండోది ఒళ్ళంతా నల్లటి ప్లాస్టిక్కు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. "నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని, తుపాకులు అమ్మినదాన్ని కాదు, పో అవతలికి" అన్నాను. అది పోలేదు. నా మంచం మీదే కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

షారోను నా కూతురి కూతురు. తల్లిదండ్రులు తాండూరులో ఉంటారు, ఇది వికారాబాదులో నా దగ్గరుండి డిగ్రీ చదువుతోంది. ఇంటర్మీడియెట్ నుంచీ రైఫిల్ క్లబ్బుకు పోతోంది. ఇన్నాళ్ళూ గాలి తుపాకే కాబట్టి నేను నోరు మూసుకుని ఉన్నాను. గాలి తుపాకిని నేను తిరునాళ్ళలో బుడగలు పేల్చే సరుకు కిందే లెక్కేస్తాను. ఇప్పుడు దాన్ని ఒక పోటీకి ఎంపిక చేశారట. పడుకుని కొన్ని, మోకాలి మీద కొన్ని, చెక్క చట్రం మీద ఆనించి కొన్ని, ఇచ్చిన టైములో దూరంగా ఉన్న చిన్న చిన్న ఇనుప బిళ్ళల్ని కొట్టాలి. అసలు తూటాల పోటీ. పాయింట్ టూ టూ అంటారే, చిటికెన వేలంత కూడా లేని తూటాలు, వాటితో. రైఫిలు మాత్రం ఏదైనా సరే అన్నారట. ఏది ఎంచుకుంటే అది దీని పేరున లైసెన్సుకు పంపుతారు, వచ్చే ఆదివారం లోపల కోచ్‌కు మాట చెప్పాలి.

"గిది బోల్టుది అమ్మమ్మా. ఒకటి పేల్చినంక చెయ్యితోటి బోల్టు లేపి, ఎనుకకు గుంజి, మళ్ళ ముందుకు తోయాలె. అప్పుడే ఇంకో తూటా లోపలికి పోతది. గిదేమో సెమీ ఆటోమేటిక్. ఒకటి పేలంగనే ఇంకోటి దానంతట అదే ఎక్కుతది. మనం ట్రిగ్గర్ నొక్కుడే" అని వివరించింది. గురి మాత్రం బోల్టుదేనట. కాగితం మీద కొడితే తూటాలన్నీ ఒకే బొక్కలో పడినట్టు పడతాయట, రెండోది జర చెదరగొడుతుందట, పైగా దానికి అన్ని కంపెనీల తూటాలూ అరగవట. "మరి బోల్టుదే తీస్కో, నన్నడుగుడెందుకు?" అన్నాను. "నేను ఎడమచేతిదాన్ని గదా! బోల్టేమో కుడిదిక్కుంటది. ప్రతిసారి చెయ్యి మీదికెళ్ళి పోనియ్యాలె. పడుకున్న పోజంత ఖరాబైతది, టైము అయిపోతది. ఎడమచేతి బోల్టు దొరకుడు మస్తు కష్టమంటున్నరు. అందుకే గీ నల్లదే తీసుకుందమనుకుంటున్న" అంది. "బోల్టుదే తీసుకో. రెండోది ఇంట్లకు తెస్తే నేను ఇంట్ల ఉండ" అని అరిచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఎందుకో దానికి తెలియదు. దాని తల్లికీ తెలియదు. మా అక్క సలోమి చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందని నా కూతురికి నేనే చెప్పాను. మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు నేర్పిన మాట అది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ పిల్ల ఆ నల్లదాన్నే తెచ్చుకుంటుంది. విప్పితే, మా నాయన దాని కళ్ళల్లో ఏమైపోతాడో నాకు తెలియదు. ఆ వారం రోజులూ నేను ఈ రెంటి మధ్య నలిగి చచ్చాను.

మేము అప్పుడు తాండూరులో ఉండేవాళ్ళం. నాయన బండల పాలిషు మిషన్ల దగ్గర మేస్త్రీ. పొద్దున నల్ల జుట్టుతో పోయి సాయంత్రం ముసలివాడై వచ్చేవాడు. రాతిపొడి కనురెప్పల మీద కూడా పేరుకునేది. గోలెం దగ్గర కూర్చుని అవ్వ నీళ్ళు పోస్తుంటే ఆ తెల్లదనమంతా కారిపోయి మళ్ళీ మా నాయన బయటికొచ్చేవాడు. తడిసిన రాతి వాసన అంటే నాకు ఇప్పటికీ నాయన ఒంటి వాసనే. వీధి చివర పప్పు మిల్లు ఉండేది, గాలి ఇటు తిరిగితే ఇల్లంతా కంది పొట్టు కమ్ముకునేది. గనుల్లో పనిచేసేవాళ్ళలో సగం మంది కన్నడం మాట్లాడేవాళ్ళు. నాయన వాళ్ళతో కన్నడంలో తిట్టి, మాతో తెలుగులో నవ్వేవాడు. ఇంట్లో నేల, గోడ, అరుగు, అరమర అన్నీ బండలే. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కా నేనూ చెంపలు ఆ నేలకి ఆనించి పడుకునేవాళ్ళం. అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆ బండల్లోంచి చెవిలోకి వినిపించేది.

మిషన్ల యజమానికి తుపాకి పిచ్చి. పాడుబడ్డ గనిలో మట్టి కట్ట పోయించి, దానికి కాగితాలు అంటించి కాల్చేవాడు. ఓ రోజు సరదాగా మా నాయన చేతికిచ్చాడట. మేస్త్రీ పనిలో బండ అంచు ఏ మాత్రం వంకరపోయినా కంటితో పట్టేసే మనిషి, గురి దానంతట అదే కుదిరింది. ఇక యజమాని వదల్లేదు. తన లైసెన్సులో నాయన పేరు చేర్పించి, బోల్టు రైఫిలొకటి అప్పగించి, పట్నంలో పోటీలకు తీసుకుపోయేవాడు. గెలిచి తెచ్చిన కప్పుల్లో అవ్వ ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ఉప్పు పోసింది. "మాయదారి కప్పులు, మూతలన్న ఇయ్యకపాయిరి" అని గొణిగేది కానీ, వచ్చిన వాళ్ళకు కనపడేట్టు వాటిని ముందు వరసలోనే పెట్టేది.

తుపాకి గడప దాటి లోపలికి రావాలంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాయన వాకిట్లో నిలబడి బోల్టు ఊడదీసేవాడు. బోల్టు తీస్తే వెనక నుంచి గొట్టం మొత్తం ఖాళీ. దాన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంటే ముందు అవ్వ, తర్వాత అక్క, తర్వాత నేను వరసగా వెనక నుంచి కన్ను పెట్టి చూసేవాళ్ళం. లోపల మెలికలు తిరిగిన మెరుపు, చివర్న రూపాయి బిళ్ళకంటే చిన్న ఆకాశం. "వెలుగుంది" అని ముగ్గురం చెప్పాలి. ఎవరు చెప్పకపోయినా తుపాకి లోపలికి రాదు. తర్వాత ఆ బోల్టును అవ్వ గుడ్డలో చుట్టి వంటింట్లో కందిపప్పు కుండలో దాచేది. గొళ్ళెం అనేది దాన్ని. "తుపాకి సగం ఆయినది, సగం నాది. నా సగం లేంది అది కట్టెతోటి సమానం" అనేది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే తప్ప మా ఇంట్లో తుపాకి తుపాకి కాదు. ఈ కాలం మొగుడూ పెళ్ళాల ఫోన్లకే తాళాలు. ఒక ఇనప వస్తువును సగం సగం పంచుకుని దాచుకున్న ఆ ఇద్దరి మీద నాకు ఇప్పటికీ గౌరవమే, ఎంత చేటు జరిగినా సరే.

సాయంత్రాలు నాయన అవ్వను గొళ్ళెం అడిగి తీసుకుని ఇంట్లోనే సాధన చేసేవాడు. నేల మీద బోర్లా పడుకుని, ఎదుటి గోడ మీద బొగ్గుతో పెట్టిన చుక్కకు గురి పెట్టి, ఖాళీ తుపాకి ట్రిగ్గరు నొక్కేవాడు. గొట్టం చివర పావలా బిళ్ళ నిలబెట్టడం మా పని. నొక్కినప్పుడు బిళ్ళ పడకపోతే చెయ్యి స్థిరంగా ఉన్నట్టు. అక్కా నేనూ వంతులకు కొట్టుకునేవాళ్ళం. బిళ్ళ పడి ఆ నున్నటి బండ మీద దొర్లితే తుపాకి ముందు నుంచే పరిగెత్తేవాళ్ళం, నవ్వుకుంటూ గొట్టాన్ని దాటుకుంటూ. భయమెందుకు? మా కళ్ళతో మేమే వెలుగు చూశాం కదా. ఆ అలవాటే మా కొంప ముంచింది.

ఓ వానాకాలం గనిలో బండ జారి నాయన కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు వంగకుండా అయిపోయాయి. బోల్టు లేపాలంటే మోచెయ్యి మొత్తం ఎత్తాల్సి వచ్చేది, చెంప మడమ మీంచి లేచిపోయేది, కుదుర్చుకున్నదంతా ప్రతి తూటాకూ చెదిరిపోయేది. రెండు పోటీల్లో వరసగా ఓడి వచ్చాడు. తినే మనిషి తినడం తగ్గించాడు. నవ్వే మనిషి పప్పులో ఉప్పెక్కువైందని కసురుకున్నాడు. అక్క ఒక్కతే ఆయన దగ్గరికి పోగలిగేది. పదమూడో పద్నాలుగో ఏళ్ళ పిల్ల, గయ్యాళి. "నాయినా, నువ్వు గెల్వకున్నా నాకేం ఫికర్ లేదు, జర నవ్వు" అని గడ్డం పట్టుకుని ఊపేది. చివరికి యజమానే ఎవరో పాత జాగీరుదారుల ఇంటి నుంచి సెమీ ఆటోమేటిక్ ఒకటి సంపాదించాడు. బోల్టుతో పని లేదు, వేలితో నొక్కితే చాలు. పొద్దుటి పూట గనిలో దానితో కాల్చి మధ్యాహ్నానికి ఇంటికొచ్చిన నాయన ముఖం నాకు బాగా గుర్తు. ఏడాది తర్వాత చూశాను ఆ నవ్వు.

వాకిట్లో తుపాకి ఎత్తి పట్టుకున్నాడు. అవ్వ అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి కన్ను పెట్టబోయింది. కన్ను పెట్టడానికి అక్కడేముంది, ఇనుము మూసేసి ఉంది. "గీ దాంట్ల వెలుగు ఎట్ల సూడాలె?" అంది. "దీంట్ల గట్ల కనవడది. దీని బోల్టు ఊడది" అన్నాడు నాయన. "మరి నా సగమేది?" అంది అవ్వ, నవ్వుతూనే. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తూటాలు పెట్టే డబ్బీని అడుగు నుంచి లాగి ఆమె చేతిలో పెట్టాడు. "గిదే నీ సగం. డబ్బీ లేంది తూటా ఎక్కడిది?" అన్నాడు. అవ్వ దాన్ని తిరగేసి, మిగిలిన తూటాలు ఒడిలో రాల్చుకుని, వేలు పెట్టి తడిమి చూసింది. డబ్బీ ఖాళీ. పప్పు కుండలో దాచింది. పద్ధతి ప్రకారం అంతా సరిగ్గానే జరిగిందని నలుగురం అనుకున్నాం.

కాసేపటికి నాయన నేల మీద పడుకుని, "ఏమే, ఖాళీయే గదా?" అని వంటింటి వైపు కేకేశాడు. "ఖాళీనే, నా దగ్గర్నే ఉంది" అంది అవ్వ లోపలి నుంచి. అది అక్క వంతు. బిళ్ళ నిలబెట్టింది, అది నిలబడలేదు, కింద పడి గోడ వైపు దొర్లింది. అక్క నవ్వుతూ దాని వెంట వంగింది. నాయన చుక్క మీద నుంచి కన్ను తీయలేదు, ట్రిగ్గరు ఎలా ఉందో చూద్దామని నొక్కాడు. పొద్దున గనిలో చివర పేలిన తూటా పోతూ పోతూ ఇంకో తూటాను గొట్టంలోకి ఎక్కించే పోయింది. డబ్బీ తీసినా అది అక్కడే ఉంది. అంత చిన్న తూటాకు చప్పుడు కూడా పెద్దగా రాలేదు. అవ్వ పీట పడిందనుకుని, "ఏం వడేసిర్రే?" అని లోపలి నుంచే అడిగింది. అక్క మళ్ళీ లేవలేదు.

పోలీసులొచ్చారు, రాసుకున్నారు, తుపాకి తీసుకుపోయారు. నాయన వాళ్ళకు "నా చేతులతోటే" అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పలేదు. యజమాని తిరిగి ఏదో సర్దాడు, ప్రమాదమని కాగితం మూశారు. అక్కను తాండూరులోనే పూడ్చి, ఆ నెలలోనే మేము వికారాబాదు వచ్చేశాం. నాయన ఒక ధాన్యం అడితి కొట్టులో పనికి కుదిరాడు. అక్క పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. దాని గౌన్లు నాకు సరిపోయేవే, అవ్వ కుట్లు విప్పి నాకు తెలియకుండా ఎవరికో ఇచ్చేసింది.

చావు ఒక ఘోరం. తర్వాత ఆ ఇంట్లో నేను పెరగడం ఇంకో ఘోరం. అవ్వా నాయనా కొట్టుకోలేదు, ఒకరినొకరు ఒక్క మాట అనలేదు. ఒకరి మాట ఒకరు నమ్మడం మానేశారు, అంతే. నాయన తలుపు వేశానని చెప్తే అవ్వ లేచి వెళ్ళి గడియ తడిమి చూసేది. పాలు కాగాయని అవ్వ అంటే నాయన వచ్చి గిన్నెలోకి తొంగి చూసేవాడు. పొయ్యి ఆర్పావా అని అడగడం లేదు, వెళ్ళి బూడిద మీద చెయ్యి పెట్టడమే. ఒకరు అలా చూసిన ప్రతిసారీ రెండోవాళ్ళు తల దించుకునేవాళ్ళు. ఒక్క మాట మీద ప్రాణాలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు, ముసలివాళ్ళై పోయేదాకా అలాగే గడియలు తడుముకుంటూ బతికారు. నాకు పెళ్ళై వెళ్ళిపోతున్నప్పుడు ఏడుపు రాలేదు. ఊపిరాడింది.

గడువు ముగియవస్తుండగా శుక్రవారం రాత్రి షారోనును కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. చెప్పేటప్పుడు దాని ముఖం చూడలేదు, గోడకు చెప్పినట్టు చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను, ముత్తాతను తిడుతుందనుకున్నాను. "హ్యాండిల్ గుంజితే అయిపోతుండె గదా అమ్మమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. ఫోనులో ఆ నల్లదాని బొమ్మ పెద్దది చేసి, పక్కనున్న చిన్న పిడిని వేలితో చూపించింది. "గొట్టం మొత్తం కనవడకపోవచ్చు. గానీ గిది ఎనుకకు గుంజితే లోపలున్న తూటా ఎగిరి బయట వడ్తది. లోపల ఏముందో కండ్లకు అగుపిస్తది. ముత్తాతకు తెల్వదా?"

తెలియకపోవడమేమిటి! పొద్దుట గనిలో డబ్బీ పెట్టిన ప్రతిసారీ ఆ పిడి గుంజే ఉంటాడు. అయినా ఇంటికొచ్చి గుంజలేదు. ఎందుకు గుంజలేదు? అవ్వ "ఖాళీనే" అంది కాబట్టి గుంజలేదు. అవ్వ ఎందుకంది? నాయన "గిదే నీ సగం" అన్నాడు కాబట్టి. ఆయన ఆమెను నమ్మాడు, ఆమె ఆయన్ను నమ్మింది. ఇన్నేళ్ళూ ఆ రకం తుపాకిలో లోపలికి చూడటం ఎవరి వల్లా కాదనీ, అది మా రాత అనీ అనుకుంటూ బతికిన నాకు, అది ఒక్క వేలి పని అని ఇప్పుడు తెలిసింది. నాయనకు ఆ సంగతి చివరిదాకా తెలుసు. తెలిసి కూడా ముప్పొద్దులా అన్నం ఎలా మింగాడో దేవుడికే ఎరుక.

"నువ్వు వద్దంటే తీసుకోను" అంది షారోను. అలా అంటుందనే నా భయం. నా బాధ చూసి అది బోల్టుది తీసుకుంటే, రేపు టైము చాలక ఓడిపోయి వచ్చి మా నాయనలాగే పప్పులో ఉప్పు గురించి కసురుకుంటుంది. "నాకు ఒకసారి చూపియ్యి ముందు" అన్నాను.

శనివారం రైలెక్కి తాండూరు పోయాం. క్లబ్బు వాళ్ళు కాల్పులు నేర్పే రేంజి అక్కడే, అదీ ఒక పాడుబడ్డ గనిలోనే ఉంది. మా నాయన గని కాదులే, తాండూరు చుట్టూ అలాంటివి ఎన్ని లేవు. మట్టి కట్ట ముందు ఇనుప బిళ్ళలు వేలాడుతున్నాయి. షారోను ముందు క్లబ్బు వాళ్ళ బోల్టుదానితో కాల్చింది. ఒక్కో తూటాకూ దాని ఎడమ చెయ్యి మడమ మీదుగా అవతలికి పోయి రావడం, చెంప లేవడం, మళ్ళీ కుదుర్చుకోవడం చూశాను. బిళ్ళలు అయిపోకముందే ఈల పడింది. తర్వాత నల్లది పట్టుకుంది. ఒక్కొక్కటే టింగుమని ఊగుతుంటే అది చెంప కూడా కదపలేదు. కళ్ళు మూసుకుంటే నాయన పడుకున్నట్టే ఉంది. ఎవరు చూసినా ఏది దీనికి సరిపోయే తుపాకో చెప్పేస్తారు. నేనూ చెప్పాను. "గదే తీసుకో" అన్నాను. నా మాట నాకే పరాయిగా వినపడింది.

అది లేచి, డబ్బీ తీసి, తుపాకి పట్టుకుని నా వైపు రెండడుగులు వేసింది. "ఖాళీగుంది అమ్మమ్మా, పట్టి చూడు ఎంత తేలికుందో" అంది. ఎంత ముద్దొచ్చే పిల్ల! దాని కోసం ఏమైనా చేస్తాను నేను. అయినా "నమ్మను" అన్నాను. మా ఇంట్లో లోపల్లోపల ఇద్దరు మనుషుల్ని తినేసిన మాట అది, ఎన్నడూ పైకి ఎవరూ అనలేదు. పిల్ల ముఖం చిన్నబోతుందని చూస్తున్నాను. అది ఫక్కున నవ్వింది. "నమ్మొద్దు అమ్మమ్మా! ఇక్కడ ఎవరూ ఎవరినీ నమ్మరు. కోచ్ సార్ నన్ను నమ్మడు, నేను సార్‌ను నమ్మ. గదే రూలు" అని, గొట్టం మట్టి కట్ట వైపు తిప్పి, పిడి గుంజి పట్టుకుని లోపల చూపించింది. ఏమీ లేదు. అంతా కళ్ళారా చూసిన కోచ్ దగ్గరికొచ్చి, తుపాకి తీసుకుని, మళ్ళీ తానే పిడి గుంజి, వంగి చూసి, తలూపి ఇచ్చేశాడు. ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోలేదు. థాంక్యూ సార్ అంది ఇది.

నేను అక్కడే ఒక బండ మీద కూర్చున్నాను. షారోను నీళ్ళు తెచ్చిచ్చి వీపు రాసింది. ఆ రోజు అవ్వ వంటింట్లోంచి బయటికొచ్చి, "నేను నమ్మ, నాకు చూపియ్యి" అని ఉంటే నాయన నొచ్చుకునేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట నమ్మవా అని అలిగేవాడు, ఆ పూట అన్నం మానేసేవాడు. మర్నాటికి ఆకలికి ఆగలేక వచ్చి పీట మీద కూర్చునేవాడు. అక్క వడ్డించేది.